కింది దెబ్బల పాట

ఫిబ్రవరి 9

కోడలు ఈ డైరీ ఇచ్చింది. పోయినేడాదిది. వారాలు కలవవు, పట్టించుకోకండి మామయ్యా అంది. మాట్లాడకుండా ఉండాలి కాబట్టి రాసుకుంటే లోపలి అరుపు తగ్గుతుందట. నాకు లోపల అరుపేమీ లేదు. ఉన్నదంతా బయటే అరిచేవాణ్ణి.

గొంతులో కాయ తీశారు. డాక్టరు రెండు వారాలు మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దన్నాడు. గుసగుస నేను పుట్టి ఎరగను.

ఫిబ్రవరి 10

ఏమీ లేదు.

ఫిబ్రవరి 12

మా ఆవిడ పలక కొనుక్కొచ్చింది. పిల్లల పలక. మెడలో వేలాడదీసుకోండి అంది. గంట కట్టిన ఎద్దులా తిరగమనా? పక్కన పెట్టుకున్నాను. కాసేపటికి 'కాఫీ' అని రాసి చూపించాను.

"పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, అరవకుండా అడగడం. ఆ ఆపరేషనేదో అప్పుడే చేయించాల్సింది" అంది.

తిరిగి అనడానికి పలక మీద చోటు చాల్లేదు. రాసేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. మాట అనేది వేడి మీద ఉన్నప్పుడే తగలాలి.

ఫిబ్రవరి 13

గోడకి అవతలి గదిలో కోడలు మిషను కుడుతుంది. కారు సీట్ల తొడుగులు, లారీల మీద కప్పే పట్టాలు. గట్టి మిషను. అది నడుస్తుంటే నా మంచం కోళ్ళు అదురుతాయి. నాకది అలవాటే.

ఇవాళ దాంతోపాటు ఇంకోటి మోగింది. డబ్బాలో రాళ్ళు పోసి మెట్ల మీద నుంచి దొర్లించినట్టు. ఇంగ్లీషు పాట. ఒకడు ముక్కు దిబ్బడేసినవాడిలా పాడుతున్నాడు. ఆపమని అరవబోయి, గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పలక వెతికి 'ఆపు' అని రాసి, లేచి నిలబడేసరికి పాటే ఆగిపోయింది. ఇంత చిన్న పాటా? నా తిట్లు ఇంకా సగంలోనే ఉన్నాయి.

మళ్ళీ అదే పెట్టింది.

ఫిబ్రవరి 14

మళ్ళీ అదే.

ఫిబ్రవరి 15

అదే. పెళ్ళయి కాపురానికొచ్చినప్పటి నుంచి గొంతెత్తి నవ్వని మనిషి. ఈ గోల ఎక్కడ నేర్చింది?

ఫిబ్రవరి 17

అబ్బాయి పని నుంచి వచ్చాడు. ముఖం మాడ్చుకుని ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని ఒక ముద్ద తిని లేచాడు. వాడు చెప్పలేదు, సాయంత్రం దిమ్మె వచ్చి చెప్పాడు. దిమ్మె అంటే మా ముఠాలో చెక్క దిమ్మలు సర్దేవాడు, నాతోపాటే ముసలివాడయ్యాడు.

"మేస్త్రీ, నీ కొడుకు ఈల కొన్నాడయ్యా. ఆటల్లో ఊదుతారే, ఆ ఈల. మెడలో తాడు కట్టుకుని పీ అని ఊదుతున్నాడు. ఒకడు పీ మొదట్లో తోస్తాడు, ఒకడు పీ చివర్లో తోస్తాడు. కొత్తల్లుడైతే పీ అయిపోయాక చెమట తుడుచుకుని మరీ తోస్తున్నాడు."

కొత్తల్లుడు కూడా మావాడే. ఎప్పుడు చూసినా ఎవరో మర్యాద చెయ్యాలన్నట్టు నడుం వంచకుండా నిలబడతాడని ఆ పేరు పెట్టాను.

"యంత్రం పక్కకి జారింది. పైపు ఎగిరి నా కాలి పక్కన పడింది. నా బొటనవేలు చూడు" అని చెప్పు విప్పి చూపించాడు. గోరు నల్లబడింది.

క్రేను దూరలేని చోటికి మేం దూరతాం. లోడు కింద ఇనప పైపులు పరిచి, వెనక గడ్డపారలు వేసి తోస్తాం. బరువు ఎంతన్నది లెక్క కాదు. అందరూ ఒక్క క్షణంలో తోస్తే ఏనుగు కూడా ఎలకలా కదులుతుంది. ఆ క్షణం చెప్పడానికి పిలుపు కావాలి. పట్టూ, బిగువూ, ఊపిరీ, తోయ్. తోయ్ దగ్గర ముఠా అంతా హోయ్ అంటుంది. ఈ ఊళ్ళో సగం యంత్రాలు నా గొంతు విని కదిలినవే.

ఈలట.

అబ్బాయి గొంతు వాళ్ళమ్మ గొంతు. సన్నం. అందుకే పిలవడానికి సిగ్గు.

ఫిబ్రవరి 18

ఇవాళ ఆ పాట మొదలయ్యే ముందు ఒకటి విన్నాను. ఇన్నాళ్ళూ మిషను చప్పుడులో కలిసిపోయింది. పాటకి ముందు ఒకడు అరుస్తాడు. వన్ టూ త్రీ ఫోర్. అంతే, నలుగురూ ఒక్కసారి పడతారు. ముందు ఒకడు, వెనక ఒకడు అని లేదు. గోడ కూలినట్టు.

వాడు పిలుపు ఇస్తున్నాడు.

గోడకి చెవి ఆనించి మళ్ళీ విన్నాను. కోడలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. గోడకి సున్నం రాలుతోందేమో చూస్తున్నట్టు వేలితో గీకాను.

ఫిబ్రవరి 19

ఆ వేగంతో తోస్తే మాత్రం లోడు ఎదురు గోడలోకి పోతుంది. అది వేరే సంగతి. పిలుపు పిలుపే.

ఈల దెబ్బని మాత్రమే చెబుతుంది. దెబ్బకి ముందున్న మూడింటినీ చెప్పదు. పట్టు, బిగువు, ఊపిరి. ఆ మూడింట్లో లోడు వెంట్రుకవాసి కదలదు. కానీ పనంతా ఆ మూడింట్లోనే ఉంది. ఈ సంగతి ఆ పాట వాళ్ళకి తెలిసింది, నా కొడుక్కి తెలియలేదు.

ఫిబ్రవరి 20

పలక పట్టుకుని కోడలి గదికి వెళ్ళాను. 'ఎవరు వాళ్ళు' అని రాశాను.

ఆపమంటానేమో అనుకున్నట్టుంది, మిషను మీద నుంచి కాలు తీసేసింది. నేను బల్ల మీద కూర్చోవడం చూసి మెల్లగా చెప్పింది. అమెరికా వాళ్ళట. నలుగురు. తోలు కోట్లు, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లు. అన్నదమ్ములు కాకపోయినా నలుగురూ ఒకటే ఇంటిపేరు పెట్టుకున్నారట. మొదట్లో ఉన్న ఆ నలుగురూ ఇప్పుడు లేరట.

ఇంటిపేరు సంగతి నాకు నచ్చింది. ముఠా అంటే అదే.

'నీకెలా తెలుసు' అని రాశాను.

"హాస్టల్లో ఉన్నప్పుడు నా పక్క మంచం అమ్మాయి దగ్గర క్యాసెట్టు ఉండేది మామయ్యా. ఈ పాట పెట్టుకుని మంచాల మీద ఎగిరేవాళ్ళం. ఒక మంచం విరిగింది కూడా."

ఈ మనిషా? నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చేటప్పుడు కూడా చప్పుడు కానివ్వదు.

'ఏమంటాడు పాటలో' అన్నాను, అంటే రాశాను.

"పెద్దగా ఏమీ అనడు. వాళ్ళ పాటలన్నీ అంతే. నాకది కావాలి అంటాడు, లేకపోతే నాకిది వద్దు అంటాడు."

దాచకుండా చెప్పాడు. మంచిదే. మనుషులు చెప్పేది ఎప్పుడైనా అంతకన్నా ఎక్కువ ఉంటుందా?

లేవబోతుంటే తనే అంది, "గిటారు వాయించే ఆయన చెయ్యి వినండి మామయ్యా. అన్నీ కింది దెబ్బలే. పైకి వచ్చేటప్పుడు తీగ ముట్టడు. మళ్ళీ కిందికే కొడతాడు."

సుత్తి అంతే. పైకి పోయేటప్పుడు పని చెయ్యదు.

గదికొచ్చి, పాట గోడలోంచి వస్తుంటే తొడ మీద కొట్టుకుంటూ చూశాను. కింది దెబ్బలే. పాట అయిపోకముందే నా భుజం పట్టేసింది. ఒకప్పుడు సమ్మెట కొట్టిన భుజం. ఆయన ఊళ్ళూళ్ళూ తిరిగి పాట వెంట పాట అలాగే వాయించేవాడట. దండం పెట్టాలి.

ఫిబ్రవరి 22

ఆ పాటలో ఒకడు ముందుకొచ్చి నన్ను చూడండి అనడు. మామూలు పాటల్లో మధ్యలో అందరూ ఆగి ఒకడికే దారి ఇస్తారు, వాడు వేళ్ళు తిప్పి తిప్పి చూపిస్తాడు. ఇక్కడ అది లేదు. ముఠాలో కూడా అందరికన్నా ఎక్కువ తోసేవాడే ప్రమాదం. వాడి వల్లే లోడు తిరుగుతుంది. ఇలాంటివాళ్ళని ఇద్దర్ని పంపించేశాను.

ఫిబ్రవరి 24

డాక్టరు గొంతులో గొట్టం పెట్టి చూశాడు. బాగా మానింది, ఇవాళ్టి నుంచి కొంచెం కొంచెం మాట్లాడండి అన్నాడు. అబ్బాయి బయట బండి దగ్గర ఉన్నాడు. గొంతు మునుపటిలా ఉండకపోవచ్చు అని కూడా అన్నాడు. పలక మీద 'సరే' అని రాశాను. "రాయకండి, అనండి" అన్నాడు. తల ఊపాను.

ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి, పట్టూ అన్నాను.

ఫిబ్రవరి 25

డాక్టరు మాట్లాడొద్దన్నాడు.

ఫిబ్రవరి 26

గాలికి కొట్టుకునే రేకులా ఉంది. పట్టూ అంటే 'ట్టూ' దగ్గర గొంతు రెండు ముక్కలైంది. ఒక ముక్క కిందికి, ఒక ముక్క పైకి. ఇంకాస్త ఆగితే మంచిది. డాక్టర్లు ఎప్పుడూ ముందే చెబుతారు.

ఫిబ్రవరి 28

అబ్బాయికి కొత్త పని వచ్చింది. పాత వర్క్‌షాపులో వెనక షెడ్డులో పెద్ద లేతు యంత్రం. ఇరుకు దారి, మధ్యలో మలుపు, మలుపు దాటాక ఎత్తు. క్రేను దూరదు. మార్చి పదమూడున తియ్యాలి. అన్నం దగ్గర కూర్చుని కంచం పక్కన నీళ్ళతో దారి గీసి చూపించాడు.

"ఇది కూడా మొన్నటిలాగే అయితే సామానంతా అమ్మేసి ఎక్కడో డ్రైవరుగా చేరతాను నాన్నా. మనుషులు నా మాట మీద కదలడం లేదు."

పలక మీద రాశాను, 'చెయ్యి'.

"చెయ్యి ఏంటి?"

'గడ్డపార మీద చెయ్యి వేస్తున్నావట. పిలిచేవాడు బరువు ముట్టకూడదు.'

ఇది మా ముఠాలో మొదటి నియమం. బరువు ముట్టుకున్నవాడికి బరువే కనపడుతుంది, మనుషులు కనపడరు. చేతులు ఖాళీగా ఉన్నవాడే పిలవాలి. మేస్త్రినయిన రోజు నుంచి నేను గడ్డపార ముట్టలేదు.

"నువ్వు రాకపోయేసరికి ఒకడు తగ్గాం నాన్నా. నేను కూడా పట్టకపోతే కదలదు."

'నేను పట్టలేదుగా ఎప్పుడూ.'

"నువ్వు పిలిచేవాడివి. నేను ఊదేవాణ్ణి" అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మా ఆవిడ నా పలక లాక్కుని తడిగుడ్డతో తుడిచేసింది. "తినేటప్పుడు ఇది వద్దు" అంది.

మార్చి 1

అమెరికా ముఠాలో కూడా ఆ వన్ టూ త్రీ ఫోర్ అనేవాడు పక్కన నిలబడి ఉంటాడు. చేతుల్లో ఏమీ ఉండదు. లేకపోతే అంత శుభ్రంగా పిలవలేడు. వినగానే తెలుస్తుంది. నలుగురూ వాయిస్తుంటే వాడు చేతులు కట్టుకుని చూస్తుంటాడు. ఐదోవాడు అన్నమాట. మేస్త్రి.

ఈ సంగతి అబ్బాయికి చూపించాలి.

మార్చి 3

కోడల్ని అడిగాను, వాళ్ళ బొమ్మ ఏమన్నా ఉందా అని. ఫోనులో వాళ్ళు వాయిస్తున్నది పెట్టింది. అబ్బాయిని కూడా పిలిపించాను. పలక మీద ముందే రాసి పెట్టుకున్నాను, 'చూడు, పిలిచేవాడి చేతులు'.

నలుగురే ఉన్నారు.

ఐదోవాడు లేడు.

వన్ టూ త్రీ ఫోర్ అన్నవాడి మెడలో లావు తీగల గిటారు ఉంది. మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఫోర్ అనే మాట నోట్లో ఉండగానే వాడి చెయ్యి తీగ మీద పడింది. పిలిచినవాడే మొదట కొట్టాడు. ఇంకోసారి పెట్టమన్నాను. ఇంకోసారీ వాడే.

అబ్బాయి పలక చూశాడు, ఫోను చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పనుంది నాన్నా" అని వెళ్ళిపోయాడు.

మార్చి 4

ఆ పాట ఏమంత బాగాలేదు. మొదటి రోజు అనుకున్నదే సరి.

మార్చి 5

కోడలికి చూపించాను, 'ఆపు'. ఆపేసింది.

మార్చి 6

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ గోడతో చెబుతోంది. "మొన్నొక రోజు మన స్నానాల గదిలో కుళాయి మాట్లాడింది. ఒక ముక్క సరిగ్గా వచ్చింది, రెండో ముక్క జారిపోయింది. ఆ తర్వాత మాత్రం కుళాయి మంచి బూతు తిట్టింది. అది చక్కగా వచ్చింది."

నేను అటు తిరిగి పడుకున్నాను.

"కుళాయి కాబట్టి సరిపోయింది. మనిషైతే, ఇంట్లోవాళ్ళు ఎదురు చూస్తుంటారని తెలిసుండేది."

డాక్టరు మాట్లాడొద్దన్నాడు.

మార్చి 8

పాట లేక మూడు రోజులు. మిషను ఆగి ఆగి నడుస్తోంది. కాస్త కుట్టడం, ఆపడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. పడుకున్న చోటి నుంచి లెక్కపెట్టగలను, కుట్టు ఎక్కడ తప్పిందో. చివరికి ఉండబట్టలేక వెళ్ళాను. విప్పిన దారం నేలంతా ఉంది.

'ఏమైంది' అని రాశాను.

"కాళ్ళు ఆడటం లేదు మామయ్యా."

'పాట లేకనా?'

కాసేపు దారం ఏరుకుంది. తర్వాత చెప్పింది. తన మాట తన మాటల్లోనే రాస్తున్నాను.

"పాట పెట్టడం ఈ మధ్యనేగా మామయ్యా. అంతకుముందు నాకు పాట అవసరం లేదు. మీరు పెరట్లో పైపులు సర్దించేటప్పుడు, సామాను లారీ ఎక్కించేటప్పుడు అరిచేవారు కదా. పట్టూ, బిగువూ, ఊపిరీ అని. నేను దాని మీద కుట్టేదాన్ని. తోయ్ దగ్గర మలుపు తిప్పేదాన్ని. మీకు తెలియదు. మీ ఆపరేషనయ్యాక కుట్టు తప్పిపోతోంది. ఎన్ని పాటలు పెట్టి చూశానో. ఏదీ ఆనలేదు. చివరికి హాస్టల్ పాట గుర్తొచ్చింది. ఆ గొంతూ మీ గొంతూ ఒకటి కావు. దెబ్బ మాత్రం ఒకటే."

పలక ఒళ్ళో బోర్లించుకున్నాను.

"ఆయన గొంతు అసలు బాగుండదు మామయ్యా. ముక్కుతో పాడతాడు. మా వార్డెను అనేది, వీడికి మందు ఇప్పించండే అని. కానీ దాచుకోడు. ఉన్న గొంతు పెట్టి పాడేస్తాడు."

నా గొంతు సంగతి కోడలికి కూడా తెలుసు. ఈ ఇంట్లో గోడలు మరీ పల్చన.

పాట పెట్టమని చేత్తో చెప్పాను. పెట్టింది. బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మిషను కూడా దాని మీదే నడిచింది. కుట్టు ఒక్కటి తప్పలేదు. ఫోర్ దగ్గర ఈసారి నాకూ కనపడింది, ఫోనులో కాదు, ఊరికే కళ్ళు మూసుకుంటే. పిలుపు, దెబ్బ. ఒకే మనిషి. వాడు మిగతా ముగ్గుర్నీ కళ్ళతో చూడటం లేదు. తన చేతిలో ఉన్న దెబ్బే అందరి చేతుల్లోనూ ఉందని నమ్ముతున్నాడు.

అది కూడా ఒక రకం పిలుపే. నా రకం కాదు.

మార్చి 9

మళ్ళీ విన్నాను. బాగుంది. బాగాలేదని మొన్న రాశాను, అది కొట్టెయ్యను. అలా ఉండనీ.

మార్చి 10

పెరట్లో పైపుల దగ్గరికి వెళ్ళాను. తుప్పు పట్టాయి. ఒకటి పైకెత్తి చూశాను. బరువుంది. నేను ముఠాలో చేరిన కొత్తలో నా పని ఇదే, పైపులు అందించడం. లోడు ముందుకి పోతుంటే వెనక బయటపడ్డ పైపు తీసుకుని, పక్క నుంచి ఒంగి పరుగెత్తి, ముందు పరచాలి. గొంతు అక్కర్లేదు. పిలుపు వింటే చాలు. ముఠాలో అందరికన్నా కింది పని.

దిమ్మె గోడ మీద నుంచి తొంగిచూశాడు. "ఏంటి మేస్త్రీ, సామాను లెక్క చూస్తున్నావా? అమ్మకానికా?"

పైపు పెట్టేసి లోపలికి వచ్చాను.

మార్చి 12

రేపే లేతు. అబ్బాయి తాళ్ళు, జాకీలు లారీలో పెట్టించాడు. వరండాలో కూర్చుని ఈల తాడు ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉన్నాడు.

పలక తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను.

'ఈల పారెయ్. నోటితో పిలువు. గడ్డపార పట్టుకునే పిలువు.'

చదివాడు. మళ్ళీ చదివాడు. వాళ్ళావిడ వైపు తిరిగి, "ఇది నువ్వు రాశావా?" అన్నాడు.

"నా చేతిరాత అంత వంకరగా ఉంటుందా?" అంది కోడలు.

"నా గొంతుకి ఎవడు కదులుతాడు నాన్నా? వెనక వరసకి వినపడదు."

తుడిచి రాశాను. 'ముక్కుతో పాడేవాడికి దేశాలు కదిలాయి. అడుగు నీ పెళ్ళాన్ని.'

కోడలు నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. అబ్బాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇంట్లో తనకి తెలియకుండా ఏదో నడుస్తోందని వాడికి అప్పుడు తెలిసింది.

ఇంకో మాట రాశాను. 'నేనూ వస్తా.'

"నువ్వు వచ్చి?"

'పైపులు.'

లేచాడు. ఈల గూట్లో పెట్టాడు. పారెయ్యలేదు. ఆ తాడు కూడా కొన్నదే కదా.

మార్చి 13

చేతులు నొప్పిగా ఉన్నాయి. అయినా రాస్తాను.

లేతు మేం అనుకున్నదాని కన్నా పెద్దది. కింద నూనె జిడ్డు. జాకీలతో ఎత్తి పైపులు పరిచాం. నేను చొక్కా చేతులు మడిచి పైపుల దగ్గర నిలబడితే ముఠా అంతా పని ఆపి చూశారు.

కొత్తల్లుడు, "మేస్త్రిగారు అక్కడ నిలబడ్డారేంటి?" అన్నాడు.

దిమ్మె, "నీకు పైపులు అందించడానికిరా. పోయి కాళ్ళు కడిగించుకో, మర్యాదలో లోటెందుకు" అన్నాడు. కొత్తల్లుడు మొదటిసారి నడుం వంచాడు.

అబ్బాయి గడ్డపార లేతు కింద దూర్చి పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూశాడు. నేను పైపు వైపు చూశాను.

"పట్టూ" అన్నాడు. సన్నగా ఉంది. వాళ్ళమ్మే పిలిచినట్టు ఉంది. షెడ్డులో ఒకడు ముసిముసిగా నవ్వాడు.

"బిగువూ." నవ్వు ఆగింది. బిగువు అన్నాక చేతిలో బరువు తెలుస్తుంది, ఇంక నవ్వు రాదు.

"ఊపిరీ."

"తోయ్!"

హోయ్ రాలేదు. నెలరోజులుగా ఈలకి అలవాటు పడ్డ నోళ్ళు. చేతులు తోశాయి, నోళ్ళు మూసుకునే ఉన్నాయి. లోడు కదిలింది, కానీ ఎడమ వైపు ముందు, కుడి వైపు వెనక. ముక్కు తిరగబోయింది. దిమ్మె చప్పున దిమ్మ అడ్డం పెట్టి ఆపాడు.

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. రెండోసారి మొదలుపెట్టాడు. పట్టూ. బిగువూ. వెనక బయటపడ్డ పైపు నా చేతుల్లో ఉంది. ఒంగి ఉన్నాను. ఊపిరీ. వాడి గొంతు వణికింది. దాచుకోలేదు, వణికితే వణికిందని అలాగే పెట్టాడు.

"తోయ్!"

"హోయ్!"

నాదే. రేకు చిరిగినట్టు వచ్చింది. ఒక ముక్క కిందికి, ఒక ముక్క పైకి. గోడలకి తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

"ఎవర్రా అది, తలుపు కిర్రుమంది?" అన్నాడు దిమ్మె. ఎవరో వాడికి తెలుసు. ముసలి వెధవ కళ్ళు తుడుచుకుంటూ అంటున్నాడు.

అబ్బాయి వెనక్కి తిరగలేదు. తిరగకూడదు. చేతిలో బరువు ఉంది. గడ్డపార మీద వాడి వేళ్ళు మాత్రం తెల్లగా బిగుసుకున్నాయి. పట్టు సరిచేసుకున్నాడు. ఆ తర్వాత పిలిచిన పిలుపు నిన్నటి మనిషిది కాదు. అంతే సన్నం, కానీ మేకు కూడా సన్నమే. ఈసారి తోయ్ అనగానే హోయ్ అని ముఠా అంతా అంది. కొత్తల్లుడి గొంతు అన్నింటికన్నా పెద్దది, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో. నా కిర్రు మధ్యలో ఎక్కడో కలిసిపోయింది. కలిసిపోతే బాగుందో బాగాలేదో ఎవడికి తెలుస్తుంది? గుంపులో గొంతుకి సొగసు అక్కర్లేదు. సమయానికి ఉంటే చాలు.

మలుపు దగ్గర రెండుసార్లు ఆగాం. ఎత్తు దగ్గర నా మోకాలు పట్టేసింది, పైపు జారి పడింది. అబ్బాయి పిలుపు మధ్యలోనే ఆపి, "పైపులూ! కునుకుతున్నావా?" అని కేకేశాడు.

కన్నతండ్రిని. అందరి ముందూ.

"వస్తున్నా!" అన్నాను.

మాట. హోయ్ కాదు, మాట. ఆపరేషనయ్యాక మనుషులతో మొదటి మాట అదీ. అప్పుడు వాడు తిరిగి చూశాడు. పని మధ్యలో తిరగకూడదు, ఇంకెప్పుడూ తిరగొద్దని చెప్పాలి.

మధ్యాహ్నానికి లేతు లారీ ఎక్కింది.

ఇంటికొచ్చి కోడలి గదిలోకి వెళ్ళాను. పలక తీసుకెళ్ళలేదు. మిషను నడుస్తోంది, పాట నడుస్తోంది. "ఇంకోసారి పెట్టమ్మా" అన్నాను. 'ట్ట' దగ్గర గొంతు జారిపోయింది.

మిషను ఆగింది. తల ఎత్తలేదు. చీర కొంగు దారాల్లో చిక్కుకుందేమో అన్నట్టు వెతుక్కుంటూ, "ఏ పాట మామయ్యా?" అంది.

తెలిసే అడిగింది. ఇంకోసారి వినాలని అడిగింది.

"అదే. కింది దెబ్బల పాట" అన్నాను.

వంటింట్లో నుంచి మా ఆవిడ, "కుళాయి విప్పిందెవరు?" అని కేకేసింది.

మార్చి 14

పైపుల తుప్పు గీకించాలి. అబ్బాయికి నోటితోనే చెప్పాను. వాడు ఎదురు చెప్పాడు, నేను తిట్టాను, వాడు మళ్ళీ చెప్పాడు. పొద్దుటి నుంచీ అదే సరిపోయింది. ఇక్కడ రాయడానికి ఏమీ మిగల్లేదు.